పెళ్లి లేని పాలికలు

పవిత్ర ఊళ్లోకి వచ్చిన కొత్తలో కుళాయి దగ్గరికి అందరికంటే ముందు వచ్చి, అందరికంటే వెనక నీళ్లు పట్టుకునేదట. ఈ సంగతి నాకు చెప్పింది ఆమెకు గది అద్దెకిచ్చిన చెంచమ్మ.

"బిందె పక్కన బెట్టుకోని నిలబడుకోనుంటది. ఎవురొచ్చినా జరుగుతాది. నోట్లోంచి మాట రాదు. నెల తిరక్కముందే ఎవురికి ఎవురు వదిన, ఎవురెవురికి మాటల్లేవు, అంతా తెల్సుకునేసింది. కాపరానికొచ్చి ఇన్నేండ్లయింది, నాకే అన్నీ తెలీవు," అంది చెంచమ్మ.

నా పేరు జబీనా. బిట్రగుంటలో మా నాన్న బడేసాహెబ్ బట్టలు కుడతాడు. ఊళ్లో బళ్లోనే పది దాకా చదువుకుని, కావలిలో డిగ్రీ చేశాను. నెల్లూరులో ఒక కాలేజీలో పనిచేసే పద్మనాభయ్య గారు, వేరే దేశాల నుంచి మన సముద్రపు ఒడ్డుకు వచ్చిన కుటుంబాలు ఇక్కడ ఎలా కుదురుకుంటున్నాయో తెలుసుకునే పని పెట్టుకున్నారు. బోగోలు మండలంలో తిరగడానికి నన్ను తీసుకున్నారు. "అడిగితే మనకు నచ్చే జవాబే చెప్తారమ్మా. పోయి కూర్చో. నువ్వు ఉన్న సంగతి వాళ్లు మర్చిపోయినాక చూడు," అన్నారు మొదటిరోజు. నాకు మాటలు తక్కువ. ఇంట్లో తిట్లు తెచ్చిపెట్టిన ఆ గుణమే ఇక్కడ ఉద్యోగమైంది.

పవిత్రది నేపాల్లో రోల్పా అనే కొండ ప్రాంతం. పెళ్లయిన ఏడాదే భర్త ధన్‌బహదూర్‌తో బెంగళూరు వచ్చి, కొన్నాళ్లు ఒక పెద్ద ఇంటికి కాపలా ఉండి, అక్కణ్ణుంచి జువ్వలదిన్నె దగ్గర రొయ్యల గుంటల మీదికి చేరారు. గుంట కట్ట మీదే రేకుల పాక. చుట్టూ నీళ్లు, వాటిని చిలికి గాలి పట్టించే ఏరియేటర్ల హోరు. కూతురు అస్మిత ఆ పాకలోనే నడక నేర్చింది. పిల్ల బడి ఈడుకు వచ్చాక పవిత్ర కట్ట మీంచి రోజూ పిల్లను నడిపించుకుని బడికి తీసుకొచ్చేది. వానాకాలంలో ఆ దారి మునిగిపోతుంది. ఒక ఏడాది పిల్ల చదువు అలాగే పోయింది. అప్పుడు జువ్వలదిన్నెలో గది కోసం ఇల్లిల్లూ తిరిగింది. ఎవరూ లేదనలేదు, ఎవరూ ఇవ్వలేదు. చివరికి చెంచమ్మ తన ఇంటి పక్కవాటాలో సామాన్లు పెట్టుకునే గది చూపించింది.

"దసరా దాకా ఉండండి. ఆ పైన చూద్దాం," అంది.

దసరా దాకా అనడానికి కారణం గిరిబాబు. అతను చెంచమ్మ మరిది కొడుకు, పక్కింట్లోనే ఉంటాడు. చెంచమ్మకు పిల్లలు లేరు, భర్త పోయి చాలా కాలమైంది. పొలం చూసేదీ, ఆస్పత్రికి తీసుకెళ్లేదీ గిరిబాబే. దసరా తర్వాత తన గుంటల్లో కొత్తగా రొయ్య పిల్ల వదులుతాడు. మేత బస్తాలకు ఆ గది కావాలన్నాడు. అతను అడిగింది అన్యాయమేం కాదు. కానీ గది పోతే పవిత్ర మళ్లీ కట్ట మీదికి పోవాలి. వానలు మొదలయ్యేది కూడా అప్పుడే. అస్మిత చదువు ఈసారి ఆగితే మళ్లీ మొదలవుతుందని పవిత్రకు నమ్మకం లేదు. ఈ సంగతి ఆమె నాతో ఒకే ఒకసారి చెప్పింది, గిన్నె తోముతూ.

నేను వారానికి రెండు మూడుసార్లు వెళ్లేదాన్ని. వెళ్లిన ప్రతిసారీ ఆమెలో ఏదో ఒకటి కొత్తగా కనిపించేది. గిరిబాబు పిలిచినట్టే తనూ చెంచమ్మను "పెద్దమ్మా" అని పిలిచేది. నెత్తళ్ల చేపల పులుసు పెట్టి ఒక గిన్నె పంపేది. "పులుపు చాల్లా," అని చెంచమ్మ కబురు చేసేది. మర్నాడు ఇంకో గిన్నె. "ఈసారి పులుపెక్కవ." ఇంకో గిన్నె. ఒకరోజు కడిగిన గిన్నె తిరిగొచ్చింది, మాటేమీ రాలేదు. పవిత్ర గిన్నె లోపల వేలు పెట్టి చూసి, "నచ్చినాది," అంది. మొహం చిన్నపిల్ల మొహంలా అయింది.

ఒకరోజు ఆమె చెంచమ్మను దోసెడు వడ్లు అడిగింది. అది నారు పోసే కాలం, వసారాలో నెల్లూరు మసూరి విత్తనాల మూట ఉంది. కోళ్లకనుకుని చెంచమ్మ దోసెడు కాదు, చేటెడు పోసింది.

తర్వాత దసరా రోజులు మొదలయ్యాయి. పండగ ఇంకా రెండు మూడు రోజులుందనగా నేను వెళ్లేసరికి చెంచమ్మ వసారాలో మెట్టు మీద కూర్చుని ఉంది. ఎదురుగా గిరిబాబు, అతని భార్య వెన్నెల. ముగ్గురూ ఒకేసారి నా వైపు చూశారు.

"రామ్మే జబీనా," అంది చెంచమ్మ. "నీకు తెల్సా ఈ సంగతి?"

"ఏ సంగతి పెద్దమ్మా?"

"అటక మీది ఇత్తడి చెంబు కావాల్సొచ్చి ఆ గదిలోకి పోయినా. మూల దుప్పటి కట్టుండాది. తీసి చూస్తే ఏముండాది? పాలికలు!"

పాలికలంటే మా వైపు హిందువుల పెళ్లిళ్లలో మట్టి మూకుళ్లలో ధాన్యం చల్లి మొలిపించేవి. అవి ఇంట్లో కనపడితే పెళ్లి మొదలైందనే. పవిత్ర గదిలో, చీకటి మూల, మూకుళ్లలో ఇసక, ఆ ఇసకలో జానెడు పొడవు పసుపుపచ్చ మొలకలు, ముందు ఒక దీపం, కుంకుమ.

"చెప్తే ఇన్నావా పెద్దమ్మా?" అన్నాడు గిరిబాబు. "మెళ్లో తాళి ల్యా. ఏందో పచ్చ పూసలేసుకోనుండాది. కాళ్లకి మెట్టెలు ల్యా. నేనప్పుడే అనుకున్నా."

"ఏమనుకున్నావు? నాతో అన్లేదే," అంది వెన్నెల.

"అన్నీ నీతో అంటారా?"

"అంటే ఇన్నాళ్లూ పెళ్లి గాకండానే కాపరం జేసినారా?" వెన్నెల నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఇప్పుడు బిడ్డను యాడ కూసోబెడ్తారత్తా, పీటల మీదనా, పీటల కిందనా?"

చెంచమ్మ నవ్వలేదు. "చేసుకుంటే చేసుకోనీ. ఎవురెట్టా బతికితే నాకేంది. నా ఇంట్లో పాలికలు పోసి నాకే దుప్పటి కడ్తాదా? ఒక్క మాట జెప్పొద్దా?" అంది. ఆమెకు కోపం పెళ్లి మీద కాదు, దుప్పటి మీద.

"దసరా వస్తానే ఉండాది. గది సంగతి ఇంగ తెగ్గొట్టెయ్," అన్నాడు గిరిబాబు.

చెంచమ్మ నా వైపు తిరిగింది. "అమ్మే, అడగడం నీ ఉద్యోగమే గదా. పోయి అడుగు పో."

స్కూటీ వేసుకుని గుంటల దగ్గరికి పోయాను. పవిత్ర నీళ్లలోంచి చెక్ ట్రే పైకి లాగి చూస్తోంది. వలగుడ్డ పరిచిన ఆ పళ్లెంలో మేత కొంచెం మిగిలితే ఒక లెక్క, అసలు మిగలకపోతే ఇంకో లెక్క. దాన్నిబట్టి తర్వాతి మేత వేస్తారు. ఆమె ఒక రొయ్యను వెలుతురుకు ఎత్తి పట్టి, దాని వీపులో పేగు నిండుగా ఉందో లేదో చూసి, మళ్లీ నీళ్లలోకి వదిలింది. విసరలేదు, వదిలింది. సముద్రం ఎలా ఉంటుందో తెలియని కొండల్లోంచి వచ్చిన మనిషి.

నేను ఎలా అడగాలో తెలియక, విన్నది విన్నట్టు చెప్పేశాను.

పవిత్ర ముందు నా మొహం చూసింది. తర్వాత కట్ట మీద కూలబడి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. భర్తను కేకేసి నేపాలీలో ఏదో చెప్పింది. ధన్‌బహదూర్ ఏరియేటర్ దగ్గర్నించే తెలుగులో అరిచాడు: "చేసుకుందాం పాపా! ఈతూరి మంచి చీర కొనిపెడ్తా. అప్పుడు కొన్లేదని ఇప్పటిదాకా తిడ్తానే ఉండాది!"

"ఇవి పెళ్లివి కావు పాపా," అంది పవిత్ర, కళ్లు తుడుచుకుంటూ. "మా కాడ తాళంటే ఈ పచ్చ పూసలే. మా దసరాకి మొలకలు పోస్తాం. ఎలుతురు తగిలితే పచ్చబడిపోతాయి. పసుపుగా ఉంటేనే మంచిది. అందుకే దుప్పటి. మా ఊళ్లో బార్లీ పోస్తారు. కావల్లో అంగట్లో బార్లీ కొన్నా. ఇసకలో పోసినా. ముత్యాల మాదిరి తెల్లంగా అట్నే ఉండాయి! జొరమొస్తే తాగేదానికంట అవి, పొట్టు తీసేసుంటారంట. బూజు పట్టినాయి. మళ్ల పెద్దమ్మ కాడ వడ్లు తెచ్చినా."

"వడ్లు పనికొస్తాయా మీకు?"

"మొలిస్తే పనికొస్తాయి," అంది.

పదో రోజున పెద్దవాళ్లు కూర్చుంటారని, చిన్నవాళ్లు వాళ్ల ముందు కూర్చుంటారని చెప్పింది. బియ్యం, పెరుగు, కుంకుమ కలిపి నొసటినిండా బొట్టు పెట్టి, తలలో ఈ మొలకలు పెట్టి దీవిస్తారు. పెద్దవాళ్ల చేత్తో పెట్టించుకోవాలి, తమకు తాము పెట్టుకునేది కాదు. ఇంతకాలం కట్ట మీద ఎవరున్నారని మొలకలు పోయలేదు. "ఈ ఏడు పోసినా. పెద్దమ్మను అడుగుదామని."

చిన్నప్పట్నుంచీ మా వీధిలోనూ చూసిందే. మొగుడు పోయిన ఆడమనిషి వేరేవాళ్లకు బొట్టు పెట్టదు. ఎవరైనా మంచి పని మీద బయల్దేరితే ఎదురు రాదు. కొత్తగా వచ్చిన మనిషికి ఇది ఎవరు చెప్తారు? చెప్పకపోతే చెంచమ్మను వీధిలో నిలబెట్టి ఎగతాళి చేసినట్టు అవుతుంది. నోరు విప్పి చెప్పాను.

"తెల్సు," అంది పవిత్ర. "గిరిబాబన్న బండి తీస్తాంటే పెద్దమ్మ లోపలికి పోతది. వెన్నెల శ్రీమంతం రోజు వంటింట్లోంచి బయటికి రాలా. గాజులేసేటప్పుడు కిటికీలోంచి చూసినాది. నేనాడ అంట్లు తోముతా చూస్తానే ఉన్నా."

"మరి?"

"మా నాయన నా పెళ్లికి ముందే పోయినాడు. మా అమ్మే పెడ్తది మాకు. మా కాడ అమ్మ అమ్మే." ఖాళీ ట్రేను నీళ్లలోకి దించి, తాడు గుంజకు ముడేసింది. "అడిగితే కోపమొస్తదేమో. గది కోసం కాకా పడ్తా ఉందనుకుంటదేమో. అడక్కపోయినా గది ఎట్టాగూ పోతది. అడిగే పోగొట్టుకుంటాలే."

ఆ మాట ఎంత మామూలుగా అందో! నేను తిరిగొచ్చి చెంచమ్మకు పండగ సంగతి, దుప్పటి సంగతి చెప్పాను. బొట్టు సంగతి చెప్పలేదు. అది పవిత్ర అడగాల్సింది.

"పండగా? అట్నా?" చెంచమ్మ మొహం తేలికపడింది. "మన నారుకి ఎండ గావాల, వాళ్లకి చీకటి గావాల. చూడు వింత. వడ్లు నానబెట్టి మూటగట్టి మండె కట్టిందంటనా? మొలకంతా ఒక్క తీరుగా వచ్చుండాది మరి." ఆ సాయంత్రం గదిలో ఆడుకోబోయిన పిల్లలను ఆమే తరిమేసింది. గిరిబాబు మాత్రం, "పండగైతే ఏంది, పండగ అయిపోతానే ఖాళీ," అన్నాడు.

విజయదశమి పొద్దున నేను వెళ్లేసరికి గిరిబాబు బొలేరో ట్రక్కుకు పూజ చేస్తున్నాడు. టైర్ల కింద నిమ్మకాయలు, ముందు బూడిద గుమ్మడికాయ. మొదటి మేత లోడు కోసం నెల్లూరు పోవాలి. చెంచమ్మ అలవాటు ప్రకారం ఇంట్లోనే ఉంది.

పవిత్ర పక్కవాటా నుంచి వచ్చింది. ఎర్ర చీర, పచ్చ పూసలు. వెనక ధన్‌బహదూర్ ఇస్త్రీ చొక్కాలో, అస్మిత కొత్త గౌనులో. పవిత్ర చేతిలో పళ్లెం. వసారాలో పీట వేసి, దాని ముందు చాప పరిచి, తలుపు దగ్గర నిలబడి పిలిచింది.

"పెద్దమ్మా, ఒక్కసారి బయటికి రా."

"వాణ్ణి పోనీమ్మే. పోయినాక వస్తా."

"ఇప్పుడే రా పెద్దమ్మా."

చెంచమ్మ గడప దగ్గరికి వచ్చి, పీటను, పళ్లాన్ని చూసింది. పవిత్ర చెప్పింది. ఎక్కువ మాటలు కాదు. మా పండగలో పెద్దవాళ్లు బొట్టు పెట్టాలి, ఇక్కడ మాకు పెద్దవాళ్లు నువ్వే.

గిరిబాబు హారతి పళ్లెం పట్టుకుని అట్లాగే ఆగిపోయాడు.

"నీకు మతుండాదా?" అంది చెంచమ్మ. గొంతు పెద్దది చేసింది. "నా చేత్తో బొట్టేందే? నీ మొగుడు నీళ్లల్లో కరెంటు మిషన్ల కాడ పన్జేసేవోడు. ఏదన్నా అయితే? నా చెయ్యి మంచిది కాదు. పో, వెన్నెల్ని అడుగు."

"వెన్నెల నాకంటే చిన్నది."

"ఊళ్లో ముత్తయిదులు ఎంతమంది లేరు?"

"ఉండారు. గది వాళ్లియ్యలా, నువ్విచ్చినావు. పులుసులో పులుపు వాళ్లు చెప్పలా, నువ్వు చెప్పినావు," అంది పవిత్ర. "మా అమ్మకి మొగుడు లేడు. ఆమె పెట్టినన్నాళ్లూ మాకేం కాలా పెద్దమ్మా."

చెంచమ్మ లోపలికి పోయి తలుపు వేసుకుంది. గొళ్లెం పడిన చప్పుడు మాకందరికీ వినపడింది.

పవిత్ర కదల్లేదు. చాప మీద కూర్చుంది. ధన్‌బహదూర్, అస్మిత ఆమె పక్కన కూర్చున్నారు. ముగ్గురూ ఖాళీ పీట వైపు తిరిగి ఉన్నారు. పెరుగులో కలిపిన బియ్యం మీద ఈగ వాలబోతే పవిత్ర చేత్తో తోలింది. అంత అవమానంలో కూర్చుని ఆమె చేసిన పని అదొక్కటే. కుళాయి దగ్గర కూడా ఇట్లాగే నిలబడి ఉంటుంది.

"ఇంగ లెయ్యండి," అన్నాడు గిరిబాబు, ఈసారి మెల్లగానే. "తలుపేసినాది గదా. ఆమెను బాధ పెట్టబాకండి."

"లేస్తాం అన్నా. పండగ పొద్దు అయిపోనీ," అంది పవిత్ర.

అస్మిత తల్లి చెవిలో ఏదో అడిగింది. పవిత్ర తల అడ్డంగా ఊపింది.

గొళ్లెం తీసిన చప్పుడైంది. చెంచమ్మ చేతులూ కాళ్లూ కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. జుట్టు తడిగా ఉంది. గడప దాటి నేరుగా వసారాలోకి, ట్రక్కుకు ఎదురుగా వచ్చింది.

"రేయ్ గిరీ. నా మొహం చూసేసినావు. ఈ పొద్దు పోతావో రేపు పోతావో నీ ఇష్టం," అని పీట మీద కూర్చుంది.

ఆమెకు ఎలా పెట్టాలో తెలియలేదు. ఉంగరం వేలితో చిన్న చుక్క పెట్టబోయింది. వేలు నొసటి దగ్గరికి పోయి ఆగింది, మళ్లీ పోయింది. "అట్ట కాదు పెద్దమ్మా, నిండుగా. పిడికెడు," అంది పవిత్ర. చెంచమ్మ బియ్యం తీసి అదిమింది. సగం పవిత్ర ముక్కు మీద పడ్డాయి. అస్మిత పకపకా నవ్వింది. "నవ్వబాక, నీకూ ఇట్నే," అని చెంచమ్మ పిల్ల నొసలు కూడా ఎర్రగా నింపింది. ధన్‌బహదూర్ ముందు మాత్రం ఆమె చెయ్యి చాలాసేపు ఆగింది. పెదాలు కదిలాయి, ఏ దేవుణ్ణి అడిగిందో వినపడలేదు. తర్వాత గట్టిగా, ఒక్కసారే పెట్టేసింది.

మొలకలు తలలో పెడుతూ ఏమని దీవించాలని అడిగింది. వాళ్ల మంత్రం ధన్‌బహదూర్‌కూ పూర్తిగా రాదట. చెంచమ్మ తన మాటలే చెప్పింది. "కడుపు సల్లంగా ఉండండి. గుంటలో రొయ్య బాగుండాల. బిడ్డకి చదువు రావాల."

నా వైపు చూసి, "రామ్మే, నువ్వూ చిన్నదానివే. నీకు బొట్టు వద్దులే, మొలక దీసుకో," అని రెండు మొలకలు నా అరచేతిలో పెట్టింది. అవి చల్లగా, తేలిగ్గా ఉన్నాయి.

గిరిబాబు ట్రక్కు ఎక్కలేదు. తాళం జేబులో వేసుకుని, వసారా స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

"మీ అమ్మకి ఫోన్‌లో మొహం కనపడ్తదా?" అంది చెంచమ్మ.

పవిత్ర వీడియో కాల్ చేసింది. తెర మీద కొండ చలికి శాలువా కప్పుకున్న ముసలావిడ కనపడింది. కూతురి నొసలు చూసి ఏదో గబగబా అని, చేత్తో నోరు మూసుకుంది. చెంచమ్మ ఫోను లాక్కుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఒకరి చెవులకున్న నగలు ఇంకొకరికి లేవు, మెడలు మాత్రం ఇద్దరివీ బోసి. ఆవిడ నేపాలీలో మాట్లాడింది, ఈమె నెల్లూరు తెలుగులో, దూరం ఎక్కువ కదా అని ఊరంతా వినపడేట్టు.

"నీ బిడ్డ బాగుండాదమ్మా! బయపడబాక!"

ఆవిడ ఏదో అడిగింది. పవిత్ర చెప్పబోయింది. చెంచమ్మ ఆగలేదు. ఫోనును ముందుకు పట్టుకుని వసారా దిగి నడిచింది. తెరలో ఆవిడకు కుళాయి చూపించింది. వీధి చివర బడి గోడ చూపించింది. "ఆడ చదువుకుంటాది నీ మనవరాలు." గిరిబాబు ముందు నుంచే, అతని వైపు చూడకుండా, పక్కవాటా గది తలుపు తోసింది. మూల కట్టిన దుప్పటిని ఒక చేత్తో పక్కకు లాగి, ఫోనును ఇటూ అటూ తిప్పింది.

"ఇదిగో, చూడమ్మా. ఇది నీ బిడ్డ ఇల్లు."

"అయితే బస్తాలకి వెనక రేకుల పాకెయ్యాల," అని, గిరిబాబు కొలవడానికి దొడ్లోకి పోయాడు.